ఆర్డర్లు తగ్గితే కోత ఎక్కడ మొదలవుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫ్యాక్టరీల ఖర్చు లెక్కలపై విశ్లేషణ

క్లుప్తంగా: గిరాకీ పడిపోయినప్పుడు కంపెనీలు ఏ ఖర్చును ముందు తగ్గిస్తాయన్నది, ఆ ఖర్చు ఎంత పెద్దదన్న దానికంటే దాన్ని ఎంత తేలిగ్గా ఆపవచ్చన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కరెంటు, బ్యాంకు వడ్డీ లాంటి పెద్ద పద్దులు ఒప్పందాలతో బిగుసుకుని ఉంటాయి. కాంట్రాక్టు కూలీ, ఓటీ (ఓవర్‌టైమ్), బదిలీ కార్మికుడి (పర్మినెంట్ మనిషి రాని రోజు అతని బదులు పనిచేసేవాడి) పని రోజులకు అలాంటి రక్షణ లేదు. అందుకే మొత్తం ఖర్చులో కూలి వాటా తక్కువగా ఉన్న ఫ్యాక్టరీలో కూడా కోత గేటు దగ్గరే మొదలవుతుంది.

ఒక ఫ్యాక్టరీకి ఆర్డర్లు సగానికి పడిపోతే ఖర్చు కూడా సగానికి రావాలి కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. లెక్కల్లో అలా జరగదు. కొన్ని పద్దులు ఉత్పత్తితో పాటు దిగుతాయి. కొన్ని మెషిన్లు ఆగిపోయినా అలాగే నిలబడతాయి. ఈ రెండో రకం ఎంత ఎక్కువైతే మొదటి రకం మీద కోత అంత గట్టిగా పడుతుంది. ఉత్తరాంధ్రలోని ఈ రెండు జిల్లాల్లో దీన్ని పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు జూట్ మిల్లులు, గరివిడి, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో అల్లాయ్స్, రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలు, పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్లు ఉన్నాయి. ఒక్కో దాని ఖర్చు లెక్క ఒక్కో రకం. (రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, జిల్లాల పునర్విభజనతో విజయనగరంలోకి వచ్చింది.)

కరెంటు, వడ్డీ: ఆపినా ఆగని పద్దులు

ఫెర్రో అల్లాయ్స్ అంటే ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో క్రోమ్, ఫెర్రో మాంగనీస్, సిలికో మాంగనీస్ లాంటివి. టన్ను ఫెర్రో క్రోమ్ తీయడానికి సుమారు 3,500 నుంచి 4,000 యూనిట్ల కరెంటు కావాలి. ఈ పరిశ్రమలో ఖనిజం, కరెంటు రెండే పెద్ద ఖర్చులు. జీతాల వాటా వాటి ముందు చాలా చిన్నది. వీళ్ల సరుకుకు ఉక్కు కంపెనీలే గిరాకీ కాబట్టి ఉక్కు ధర జారితే ఆ దెబ్బ నేరుగా ఇక్కడికే తగులుతుంది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలాక ప్రపంచమంతటా ఉక్కు ధరలు పడిపోయినప్పుడు దేశంలో చాలా ఫర్నేస్‌లు (ఖనిజాన్ని కరిగించే కొలుములు) ఆగింది ఇందుకే.

ఫర్నేస్‌ను వంటింటి స్టవ్‌లా సిమ్‌లో పెట్టుకుని నడపడం కుదరదు. లోడు బాగా తగ్గిస్తే టన్నుకు పట్టే యూనిట్లు పెరుగుతాయి. పూర్తిగా ఆపేస్తే లోపలి సరుకు గడ్డకడుతుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఎలక్ట్రోడ్లను నెమ్మదిగా వేడెక్కిస్తూ లోడు పెంచుకుంటూ రావాలి, దానికి రోజులు పడుతుంది. కాబట్టి రెండు ఫర్నేస్‌లుంటే ఒకటి ఆపడం, ఒక్కటే ఉంటే మొత్తంగా మూసేయడం తప్ప మధ్యస్థంగా నడిపే మార్గం పెద్దగా లేదు.

ఆపినంత మాత్రాన కరెంటు బిల్లు కూడా ఆగిపోదు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న పరిశ్రమలకు సాధారణంగా బిల్లులో రెండు భాగాలుంటాయి. వాడిన యూనిట్లకు కట్టేది ఒకటి, ఒప్పుకున్న లోడుకు కట్టే డిమాండ్ చార్జీ రెండోది. ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ చార్జీ పడుతుంది. 1,000 కేవీఏ (కరెంటు లోడు కొలత) ఒప్పందం ఉన్న మిల్లు ఒక షిఫ్ట్ ఎత్తేసి 500 కేవీఏకు దిగినా 800 కేవీఏకు డబ్బు కట్టాల్సిందే. అంటే గిరాకీ తగ్గిన నెలలో తీసిన ప్రతి టన్నుపై కరెంటు భారం ఇంకా పెరుగుతుంది.

వడ్డీ సంగతి బయటికి తక్కువగా తెలుస్తుంది, కానీ జీతాలు లేటవడానికి చాలాసార్లు అసలు కారణం అక్కడే ఉంటుంది. ఫ్యాక్టరీలు రోజువారీ ఖర్చుకు బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లిమిట్ (అవసరమైనప్పుడు తీసుకుని తిరిగి కట్టే అప్పు పరిమితి) మీద నడుస్తాయి. ఆ లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చన్నది గోడౌన్‌లోని సరుకు, రావలసిన బాకీల విలువను బట్టి బ్యాంకు లెక్కగడుతుంది. ఉదాహరణకు 10 కోట్ల సరుకు మీద పాతిక శాతం మార్జిన్ పోను ఏడున్నర కోట్లు వాడుకునే వీలుందని అనుకుందాం. సరుకు ధర 30 శాతం పడిపోతే అదే గోడౌన్ విలువ 7 కోట్లు అవుతుంది, వాడుకోగలిగేది 5.25 కోట్లకు దిగుతుంది. ఒక్క బస్తా అమ్ముడుపోకుండానే కంపెనీ 2.25 కోట్లు బ్యాంకుకు వెనక్కి కట్టాల్సిన పరిస్థితి. డబ్బు అత్యవసరమైన నెలలోనే డబ్బు దారి మూసుకుపోతుంది.

ఆ లోటు ఎవరి మీద వేస్తారన్నదే అసలు ప్రశ్న. బ్యాంకుకు లేటైతే ఖాతా మొండి బకాయిగా మారుతుంది. కరెంటుకు లేటైతే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సరఫరా కట్ చేస్తుంది. చిన్న సరఫరాదారులకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతున్నా, మళ్లీ ఆర్డర్ రాదేమోనన్న భయంతో వాళ్లు గట్టిగా అడగరు. జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలన్నది కూడా చట్టమే. అది తప్పితే మర్నాడు వచ్చి ఫ్యూజు పీకేవాళ్లెవరూ లేరు. అందుకే లోటు ఈ చివరి ఇద్దరి మీదకే జారుతుంది.

ఒక్క ఫోన్‌తో ఆగేవి

మొదట కనిపించేది కొత్త నియామకాలు ఆపడం, రిటైరైనవారి స్థానం ఖాళీగా ఉంచడం. దీని వల్ల ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు. తర్వాత క్యాంటీన్ రేట్లు, బస్సు రూట్లు, యూనిఫాం, పండగ అడ్వాన్సు లాంటివి వస్తాయి. ఇవి చిన్న పద్దులు. వీటితో కంపెనీ గట్టెక్కదు. బస్సు రూటు ఎత్తేస్తే మాత్రం శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వెళ్లే మనిషికి అది నెల నెలా జీతంలో కోతతో సమానం. పే స్లిప్పులో అది ఎక్కడా కనిపించదు.

అసలు కోత కాంట్రాక్టు లేబర్ దగ్గర మొదలవుతుంది. కంపెనీకి, కాంట్రాక్టరుకు మధ్య ఒప్పందం చాలాచోట్ల తలల లెక్కన ఉంటుంది. రేపటి నుంచి యాభై మంది బదులు ముప్పై మందిని పంపమంటే సరిపోతుంది. ఆ ఇరవై మంది కంపెనీ మస్టరులో (హాజరు పట్టీలో) లేరు కాబట్టి కంపెనీ ఎవరినీ తీసేసినట్టు కాగితం మీద ఉండదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కంపెనీయే చెల్లించాలన్న నిబంధన 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నుంచి ఉంది, పాత కార్మిక చట్టాల స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ కొనసాగింది. ఇచ్చిన పనికి జీతం రాబట్టుకోవడానికి అది పనికొస్తుంది. పోయిన పనిని మాత్రం తెచ్చిపెట్టదు.

కాంట్రాక్టరును మార్చడం ఇంకో పద్ధతి. మనిషి అదే, మెషిన్ అదే, కొత్త కాంట్రాక్టరు పేరుతో సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ అనే నంబరు ఒకటే కాబట్టి ఆ డబ్బు పోదు. గ్రాట్యుటీకి (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే మొత్తానికి) కావలసిన అయిదేళ్ల లెక్క మాత్రం తెగిపోతుంది. 12,000 రూపాయల బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద పదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ, 26 రోజుల నెల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, సుమారు 69,000 రూపాయలు. సర్వీసు ముక్కలైన మనిషికి ఆ మొత్తం దక్కడం కష్టమవుతుంది. కంపెనీకి ఇది గిరాకీ పడిపోయిన సంవత్సరంలో కలిసొచ్చే ఆదా. కార్మికుడికి అది ఉద్యోగం చివర్లో గాని తెలియని నష్టం.

జూట్ మిల్లుల్లో ఈ స్థానంలో బదిలీ కార్మికులుంటారు. పర్మినెంట్ మనిషి రాని రోజు వాళ్లకు పని దొరుకుతుంది. మగ్గాలు తగ్గిస్తే పర్మినెంట్ వాళ్లను సర్దడానికే షిఫ్ట్ సరిపోతుంది, బదిలీ మనిషి గేటు నుంచే వెనక్కి తిరుగుతాడు. జూట్‌లో ముడినార తర్వాత పెద్ద ఖర్చు కూలియే కాబట్టి అక్కడ మనుషుల మీద కోతకు కనీసం లెక్క ప్రకారం ఒక కారణం కనిపిస్తుంది. ఫెర్రో అల్లాయ్స్‌లో ఆ కారణం కూడా బలహీనమే.

పన్నెండు గంటల షిఫ్ట్ లెక్క

గిరాకీ తగ్గినప్పుడు మూడు ఎనిమిది గంటల షిఫ్ట్‌ల బదులు రెండు పన్నెండు గంటల షిఫ్ట్‌లు పెట్టడం చాలాచోట్ల వినిపించే మాట. మూడో వంతు మంది తగ్గుతారు కాబట్టి మూడో వంతు ఖర్చు తగ్గుతుందని అనుకుంటారు. లెక్క వేసి చూడాలి.

మూడు షిఫ్ట్‌లకు ముగ్గురు, ఒక్కొక్కరికి 8 గంటల కూలి, మొత్తం 24 గంటల కూలి. రెండు షిఫ్ట్‌లకు ఇద్దరే. చట్టం ప్రకారం ఓటీకి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. కాబట్టి ఒక్కొక్కరికి 8 గంటల మామూలు కూలి, 4 గంటల ఓటీకి ఇంకో 8 గంటల కూలి, కలిపి 16. ఇద్దరికి 32. అంటే నిబంధన పాటిస్తే కూలి ఖర్చు మూడో వంతు పెరుగుతుంది. ఓటీ సింగిల్ రేటుకు ఇస్తే 24 దగ్గరే ఉంటుంది, ఒక మనిషి పీఎఫ్, బోనస్, బస్సు సీటు మిగులుతాయి. పన్నెండు గంటలకూ కలిపి ఇంత అని గుండుగుత్తగా ఇస్తేనే చెప్పుకోదగ్గ ఆదా. కాబట్టి పన్నెండు గంటల షిఫ్ట్‌తో కూలి బిల్లు తగ్గిందని ఏ కంపెనీ అయినా చెబితే, ఆ తగ్గినది దాదాపుగా ఓటీ రేటు నుంచి వచ్చిందే.

2025లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజువారీ పని గంటల పరిమితిని 9 నుంచి 10కి, మూడు నెలలకు ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఎక్కువ గంటలు చేయించే వీలు పెరిగింది. రెట్టింపు రేటు మాత్రం మారలేదు. ఈ రెండో సంగతి షాప్ ఫ్లోర్ మీద ఎంతమందికి తెలుసన్నదే ముఖ్యం.

లేఆఫ్, లాకౌట్, రిట్రెంచ్‌మెంట్

పాఠకుల్లో ఎక్కువ గందరగోళం ఈ మూడింటి దగ్గరే. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, మిల్లు ఆగింది, పని లేదు. చేతికి వచ్చే డబ్బు మాత్రం మూడింటికీ మూడు రకాలు.

లేఆఫ్ అంటే ముడిసరుకు, కరెంటు లేకపోవడం, సరుకు పేరుకుపోవడం లాంటి కారణాలతో యజమాని తాత్కాలికంగా పని చూపించలేకపోవడం. ఉద్యోగం ఉంటుంది. సీజన్‌ను బట్టి నడవని, 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండినవారికి ఆ రోజులకు బేసిక్, డీఏలో సగం పరిహారంగా ఇవ్వాలి. ఇక్కడ సగం జీతం వస్తుందనుకుంటే పొరపాటే. 18,000 జీతంలో బేసిక్, డీఏ 12,000 అయితే నెలంతా లేఆఫ్‌లో ఉన్న మనిషికి వచ్చేది 6,000 లోపే, అంటే మూడో వంతు. అలవెన్సుల రూపంలో జీతం పెంచుతూ వచ్చిన కంపెనీలకు ఇది కష్టకాలంలో కలిసొస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనం కిందే లెక్కించాలన్నాయి. ఆ మేరకు ఈ తేడా తగ్గవచ్చు.

ఈ పరిహారానికి ఒక షరతు ఉంది, చాలామంది అక్కడే నష్టపోతారు. లేఆఫ్‌లో ఉన్న కార్మికుడు పని వేళకు రోజుకు ఒక్కసారైనా ఫ్యాక్టరీకి వచ్చి హాజరు చూపించుకోవాలి. వచ్చిన రెండు గంటల్లో పని ఇవ్వకపోతే ఆ రోజు లేఆఫ్ కింద లెక్క. పని లేదని తెలిసి కూడా పల్లె నుంచి సైకిలు తొక్కుకుంటూనో ఆటో చార్జీ పెట్టుకునో గేటు దాకా వచ్చి, సంతకం పెట్టి, తిరిగి వెళ్లాలి. పదిహేను రోజులు అలా తిరిగాక మనిషి విసిగి విశాఖలోనో చెన్నైలోనో బిల్డింగు పనికి వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి అతనికి పరిహారం లేదు. చట్టంలో రాసిన సగం, చెల్లింపుల పుస్తకానికి వచ్చేసరికి ఇంకా తగ్గడానికి ఇదో కారణం.

లాకౌట్ వేరు. అది వివాదం నేపథ్యంలో యజమాని గేటు మూయడం. చట్టప్రకారం జరిగిన లాకౌట్ కాలానికి లేఆఫ్ పరిహారం ఉండదు. ఈ రెండు జిల్లాల జూట్ మిల్లుల్లో లాకౌట్ మాట దశాబ్దాలుగా వింటున్నదే. గోగునార సాగు ఇక్కడ బాగా తగ్గిపోయాక మిల్లులు బెంగాల్ నారపై ఎక్కువగా ఆధారపడ్డాయి. నార ధర పెరిగి గోనెసంచి ధర పెరగని నెలల్లో నడపడం కంటే మూయడమే చవక అన్న లెక్క వస్తుంది. ఆహారధాన్యాలకు జూట్ సంచులు తప్పనిసరి చేసిన 1987 చట్టం గిరాకీకి కొంత ఆసరా ఇచ్చింది గాని నార ధరను అదుపు చేయలేదు. మూయడానికి అసలు కారణం నార ధర అయినప్పుడు దాన్ని లేఆఫ్‌గా చూపితే పరిహారం ఇవ్వాలి, వివాదంగా చూపితే ఇవ్వక్కర్లేదు. నోటీసు బోర్డు మీద ఏ మాట రాశారన్నది అందుకే అంత ముఖ్యం. కొత్త కోడ్ ప్రకారం లాకౌట్‌కు 14 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి.

రిట్రెంచ్‌మెంట్ అంటే ఉద్యోగమే తీసేయడం. నెల నోటీసు, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం, దానికి తోడు కొత్త కోడ్ కింద నైపుణ్య శిక్షణ నిధి ద్వారా మరో 15 రోజుల వేతనం అందాలి. 300 లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీకి ప్రభుత్వ అనుమతి కావాలి. పాత కేంద్ర చట్టంలో ఈ పరిమితి 100.

ఇంత ఖర్చు, ఇన్ని మెట్లు ఉండబట్టే రాజీనామా రాయించుకోవడం అనే పద్ధతి పుట్టింది. కార్మికుడు తానే మానేసినట్టు కాగితం ఉంటే పరిహారం అవసరం లేదు. నష్టం అక్కడితో ఆగదు. ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటుంది. 2018లో మొదలైంది, పని పోయినవారికి 90 రోజుల వరకు సగటు రోజువారీ ఆదాయంలో కొంత ఇస్తుంది. ఆ వాటాను 2020లో 25 నుంచి 50 శాతానికి పెంచారు. స్వచ్ఛంద విరమణ కింద వెళ్లినవారికి అది వర్తించదు. ఒక్క సంతకంతో రెండు దారులూ మూసుకుపోతాయి. కోత పద్ధతులన్నింటిలో కార్మికుడికి ఎక్కువ హాని చేసేది ఇదే. బయటికి చప్పుడు కానిదీ ఇదే.

పలాసలో నోటీసు అక్కర్లేదు

జీడిపప్పు యూనిట్లలో పై లెక్కలేవీ సరిగ్గా అతకవు. పలాస-కాశీబుగ్గలో రెండు వందలకు పైగా యూనిట్లున్నాయి, ఎక్కువ చిన్నవి. పిక్క కొట్టడం, పై పొర తీయడం, గ్రేడింగ్ లాంటి పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. కూలి చాలావరకు కిలో లెక్కన. సరుకు రాకపోతే కూలి లేదు, అంతే. లేఆఫ్ అన్న మాటే పుట్టదు. స్థానిక పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి చేసుకుంటారు, అప్పు తెచ్చి సీజన్‌లో కొంటారు. ఆ తర్వాత పప్పు ధర పడితే కొన్న ధర కూడా రాదు. అప్పుడు యూనిట్లు కొన్నాళ్లు ఆపేసి మార్కెట్లో సరుకు తగ్గేదాకా చూస్తాయి. యజమాని కూడా చిన్నవాడే, వడ్డీ అతన్నీ తింటుంది. కాకపోతే అతనికి గోడౌన్‌లో సరుకైనా ఉంటుంది. కిలో లెక్కన పనిచేసే మనిషికి ఆ వారం చేతిలో ఏమీ ఉండదు.

మందుల కంపెనీల్లో వేరే రకం కోత

మాంద్యం వచ్చిందని జనం మందులు మానేయరు. పైడిభీమవరం కంపెనీలకు ఒత్తిడి ఇంకో వైపు నుంచి వస్తుంది. అమెరికా జనరిక్ మార్కెట్లో ధరలు తగ్గడం, ముడి మందుల్లో చైనా పోటీ, ద్రావకాల ధరలు. ఉత్పత్తి తగ్గదు, టన్నుకు మిగిలేది తగ్గుతుంది. కాబట్టి మనుషులను పంపేయడం కంటే అదే ఉత్పత్తిని తక్కువ ఖర్చుతో తీయడం మీద దృష్టి పడుతుంది.

ఇందులో మంచి కోతలు ఉన్నాయి. వాడిన ద్రావకాన్ని మళ్లీ శుద్ధి చేసి వాడుకోవడం, ఆవిరి వృథా కాకుండా చూడడం లాంటివి కంపెనీకీ ఊరికీ మేలే. ప్రమాదకరమైన కోతలూ ఉన్నాయి. మెయింటెనెన్స్ షట్‌డౌన్ వాయిదా వేయడం, వాల్వులు, గ్యాస్కెట్లు మార్చాల్సిన గడువు దాటించడం, అనుభవం ఉన్న ఆపరేటరు స్థానంలో కొత్త కాంట్రాక్టు కుర్రాడిని రియాక్టరు (రసాయన చర్య జరిపే పాత్ర) దగ్గర పెట్టడం. వీటి ఆదా ఈ మూడు నెలల లెక్కలోనే కనిపిస్తుంది. వీటి ఖర్చు ఎప్పుడు, ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఫర్నేస్ ఆపితే పోయేది డబ్బు. రియాక్టరు దగ్గర తేడా వస్తే మనుషులు పోతారు. అందువల్ల మందుల కంపెనీ ఖర్చు తగ్గించిందన్నప్పుడు ఎంతన్నది కాదు, ఏ పద్దులో తగ్గించిందన్నదే అడగాలి.

2008, 2020, 2025

మూడు సందర్భాలూ ఒకటి కావు. 2008లో ధర పడింది, లోహం మీద ఆధారపడినవాళ్లు ముందు దెబ్బతిన్నారు. 2020లో అందరికీ ఒకేసారి గేటు మూతపడింది. మార్చి 29న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం ఇవ్వాలని ఆదేశించింది, మే నెలలో ఆ ఆదేశం పోయింది, జూన్ 12న సుప్రీంకోర్టు యాజమాన్యాలు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలంది. మాట్లాడుకోవడానికి యూనియన్ ఉన్నచోట అది పనికొచ్చింది. కాంట్రాక్టు మనిషి ఎవరితో మాట్లాడాలో తేలలేదు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మాత్రం దెబ్బ ఎంపిక చేసినట్టు పడింది. మందులకు మినహాయింపు దొరికింది, రొయ్యకు దొరకలేదు. ఒకే జాతీయ రహదారి పక్కన ఒక గేటు లోపల ఓటీ నడుస్తుంటే, ఇంకో చోట కోల్డ్ స్టోరేజీ నిండిపోయి పని తగ్గింది.

ఆర్డర్లు తిరిగి వచ్చాక

కోత పడ్డ వరుసలోనే అన్నీ వెనక్కి రావు. ముందు ఓటీ వస్తుంది, తర్వాత కాంట్రాక్టు మనుషులు వస్తారు. పర్మినెంట్ పోస్టు వచ్చేది అన్నిటికంటే చివర, చాలాసార్లు రానే రాదు. ఒక మాంద్యంలో పర్మినెంట్ మనిషి చేసిన పని తర్వాతి గిరాకీలో కాంట్రాక్టు పనిగా మారిపోతుంది. అలా ప్రతి దెబ్బ తర్వాత, ఒక్క ఫోన్‌తో ఆపగలిగే మనుషుల వాటా పెరుగుతుంది, తర్వాతి కోత ఇంకా తేలికవుతుంది. ఈలోగా చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోయిన నేత కార్మికుడు, ఫర్నేస్ నుంచి కరిగిన లోహం తీసే ట్యాపింగ్ మనిషి తిరిగి రాకపోతే కంపెనీకి కొత్తవాళ్లను నేర్పించుకునే ఖర్చు, పాడైన సరుకు ఖర్చు మీద పడతాయి. కోత నాటి ఆదా లెక్కలో వీటిని ఎవరూ వేయరు.

రిట్రెంచ్ చేసిన చోటే ఏడాదిలోపు మళ్లీ మనుషులను తీసుకుంటే, తీసేసినవారికి ముందు అవకాశం ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతోంది. ఆ హక్కు అడగాలంటే తీసేసినట్టు కాగితం ఉండాలి, రాజీనామా చేసినట్టు ఉండకూడదు. నియామక పత్రం, పే స్లిప్పులు, లేఆఫ్ రోజుల హాజరు, గేటు దగ్గర అంటించిన నోటీసు ఫొటో ఫోన్‌లో దాచుకున్న మనిషికి, ఏమీ దాచుకోని మనిషికి కార్మిక శాఖ ఆఫీసులో దొరికే జవాబు ఒకటి కాదు.